గాలి పొరలు: పేర్లు సరే, కారణాలేవి?

పిల్లలూ! వాతావరణంలో ఎన్ని పొరలున్నాయని అడిగితే మీలో చాలామంది గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ట్రోపో ఆవరణం, స్ట్రాటో ఆవరణం, మీసో ఆవరణం, థర్మో ఆవరణం, ఎక్సో ఆవరణం. ఏ పొర ఎంత ఎత్తు దాకా ఉందో కూడా అప్పజెబుతారు. సంతోషమే. అయితే ఒక చిన్న ప్రశ్న. మొదటి పొర అక్కడే ఎందుకు ముగిసింది? రెండో పొర అక్కడే ఎందుకు మొదలైంది? ఆకాశంలో ఎవరైనా గీత గీశారా? గోడ కట్టారా?

ఈ ప్రశ్న వేసేసరికి తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. పాతికేళ్లకు పైగా ఈ పాఠం చెబుతున్నవాడిగా నా అభిప్రాయం ఒకటి మీ ముందు ఉంచుతాను. పొరల పేర్లూ, ఎత్తులూ వల్లె వేసినంత మాత్రాన మనకు వాతావరణం గురించి తెలిసినట్లు కాదు. పైగా మనం వల్లె వేసే అంకెల్లో ముఖ్యమైనవి కొన్ని మన నెత్తిమీద ఉన్న గాలికి సరిపోవు కూడా! ఈ రెండో మాట మీకు వింతగా తోచవచ్చు. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

పొరలంటే ఏమిటి?

ముందుగా మన గాలి ఎంత ఉందో ఒక లెక్క వేద్దాం. మీ బడిలో 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు ఉందనుకోండి. అసలు భూమి వ్యాసం సుమారు 12,742 కిలోమీటర్లు. అంటే గ్లోబు మీద ఒక మిల్లీమీటరు సుమారు 42 కిలోమీటర్లకు సమానం. వాతావరణంలోని గాలిలో సగం మొదటి అయిదున్నర కిలోమీటర్లలోనే ఉంది. నూటికి 99 వంతులు సుమారు 31 కిలోమీటర్ల లోపు ఉంది. గ్లోబు మీద ఇది ముప్పాతిక మిల్లీమీటరు! మూడు పోస్టుకార్డులు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. మనమూ, పశుపక్ష్యాదులూ, చెట్టూ చేమా అంతా ఆ పల్చని పొరను నమ్ముకొనే బతుకుతున్నాం.

ఈ గాలిలో నత్రజని నూటికి 78 వంతులు, ప్రాణవాయువు 21 వంతులు అని చదువుకున్నారు గదా! ఈ పాళ్లు సుమారు 80, 90 కిలోమీటర్ల ఎత్తు దాకా దాదాపు మారవు. కాబట్టి గాజు గ్లాసులో నీటి మీద నూనె తేలినట్లుగా ఒక వాయువు మీద ఇంకో వాయువు తేలుతూ ఈ పొరలు ఏర్పడ్డాయని అనుకోకూడదు. అదే గాలి, కింద చిక్కగా, పైకి పోయిన కొద్దీ పల్చగా ఉంటుంది. మరి పొరల్ని విడదీసింది ఏమిటి? ధర్మామీటరు!

అనుమానం తీర్చుకున్న శాస్త్రజ్ఞుడు

కొండ ఎక్కితే చలి పెరుగుతుందని మనుషులకు ఎప్పటినుంచో తెలుసు. విశాఖపట్నంలో చెమటలు కారుతున్న రోజున కూడా సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో హాయిగా ఉంటుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. 1862 సెప్టెంబరు 5న ఇంగ్లండులో జేమ్స్ గ్లైషర్, హెన్రీ కాక్స్‌వెల్ అనే ఇద్దరు బెలూనులో సుమారు 9 కిలోమీటర్ల ఎత్తుకు పోయారు. గ్లైషర్ స్పృహ తప్పాడు. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోయాయి. చివరకు అతడు పళ్లతో తాడు లాగి, బెలూనులోని వాయువును వదిలి, ఇద్దరి ప్రాణాలూ కాపాడాడు. అంత ఎత్తున కూడా చలి పెరుగుతూనే ఉంది. ఇలాగే పైపైకి పోతే ఇంకా ఇంకా చల్లబడుతుందని అందరూ నమ్మారు.

ఫ్రాన్సు దేశంలో తెస్రాంక్ ద బోర్ అనే శాస్త్రజ్ఞుడు మనుషులకు బదులు పరికరాలను బెలూన్లకు కట్టి పంపాడు. అవి తెచ్చిన లెక్కలు విచిత్రంగా ఉన్నాయి. సుమారు 11 కిలోమీటర్లు దాటాక చలి పెరగడం ఆగిపోయింది! ఎండ తగిలి ధర్మామీటరే వేడెక్కిందేమోనని ఆయన అనుమానించాడు. అందుకని రాత్రిపూట కూడా బెలూన్లు వదిలాడు. అప్పుడూ అదే ఫలితం. 200కు పైగా బెలూన్లు ఎగరేసిన తరువాతే 1902లో ఈ సంగతి లోకానికి చెప్పాడు. ఆ ఏడాదే జర్మనీలో రిచర్డ్ ఆస్మన్ కూడా ఇదే విషయం ప్రకటించాడు. ట్రోపో, స్ట్రాటో అనే పేర్లు పెట్టింది తెస్రాంక్ ద బోరే.

చూశారా! మనం ఒక్క క్షణంలో అప్పజెప్పే ఆ పేరు వెనుక 200 బెలూన్లూ, ఎన్నో రాత్రుల మేలుకువా ఉన్నాయి.

మూడు పొయ్యిలు

ఇప్పుడు కారణం దగ్గరకు వద్దాం. గాలిని వేడి చేసే పొయ్యిలు మూడు ఉన్నాయనుకోండి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే పొరలన్నీ మీరే గీసుకోగలరు.

మొదటి పొయ్యి మన కాళ్ల కింది నేల. సూర్యకాంతిలో ఎక్కువ భాగం గాలిని అంతగా వేడి చేయకుండానే దిగివచ్చి నేలనూ, సముద్రాన్నీ వేడి చేస్తుంది. నేల తన మీది గాలిని వేడి చేస్తుంది. వేడిగాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించే గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబులోంచి బుస్సున వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. పైకి పోయిన కొద్దీ చలి అందుకే. నడి వేసవిలో మన మామిడికాయల్ని రాల్చే వడగళ్లు ఎక్కడివి? మన ప్రాంతంలో సుమారు 5 కిలోమీటర్ల పైన ఎండాకాలంలో కూడా నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. మేఘం అంతకంటే చాలా ఎత్తుకు పోతుంది గనుక అందులో వడగళ్లు తయారవుతాయి. ఈ వాన, మేఘం, గాలిదుమారం, ఉరుము, మెరుపు అన్నీ జరిగే పొర ట్రోపో ఆవరణం.

రెండో పొయ్యి సుమారు 50 కిలోమీటర్ల ఎత్తున ఉంది. సూర్యుని అతినీలలోహిత కిరణాలను ఓజోను పీల్చుకొని గాలిని వేడి చేస్తుంది. ఓజోను ఎక్కువగా ఉన్నది 20, 30 కిలోమీటర్ల మధ్యనే. అయినా కిరణాలు ముందు తగిలేది పై అంచుకు. అక్కడ గాలి పల్చన కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. అందుకే స్ట్రాటో ఆవరణంలో పైకి పోయిన కొద్దీ వేడి పెరిగి, 50 కిలోమీటర్ల దగ్గర దాదాపు సున్న డిగ్రీలకు చేరుతుంది.

అక్కడినుంచి మళ్లీ పొయ్యికి దూరమవుతాం. అదే మీసో ఆవరణం. 85, 90 కిలోమీటర్ల దగ్గర సున్నకు దిగువ 90 డిగ్రీల చలి ఉంటుంది. మీరు రాత్రిపూట చూసే ఉల్కల్లో ఎక్కువ భాగం ఈ ప్రాంతంలోనూ, దీని పైననూ మండి ఆరిపోయేవే. డిసెంబరు 13, 14 తేదీల రాత్రి మేడ మీద పడుకొని చూడండి, జెమినిడ్ ఉల్కలు కనబడతాయి.

మూడో పొయ్యి ఆ పైన. సూర్యుని నుంచి వచ్చే అతి శక్తిమంతమైన కిరణాలను అక్కడి కొద్దిపాటి వాయు కణాలు పీల్చుకొని వేయి డిగ్రీల పైకి వేడెక్కుతాయి. ఇది థర్మో ఆవరణం. కాని అక్కడ చెయ్యి పెడితే కాలదు. దీపావళి కాకరపువ్వొత్తి రవ్వలు ఎర్రగా కాలుతుంటాయి, మీ చేతి మీద పడినా బొబ్బ లేవదు. రవ్వ వేడిదే, కాని అందులో ఉన్న పదార్థం అతి స్వల్పం. థర్మో ఆవరణం కూడా అంతే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది ఇందులోనే. ఆపైన కణాలు ఒకదానికొకటి తగలడమే అరుదు. కొన్ని భూమిని విడిచి అంతరిక్షంలోకి జారిపోతాయి. అది ఎక్సో ఆవరణం.

మూడు పొయ్యిలు, వాటి మధ్య రెండు చలి గుంటలు. ఇంతే సంగతి! ఐనో ఆవరణం అనే మాట కూడా మీరు విని ఉంటారు. అది ఇంకో కొలతతో పెట్టిన పేరు. గాలి కణాలు విద్యుదావేశం పొందే ప్రాంతమంతా ఐనో ఆవరణమే, దానిలో పెద్ద భాగం థర్మో ఆవరణంలో ఉంది. ఒకే తరగతి పిల్లల్ని ఎత్తు ప్రకారం ఒకసారి, ఊళ్ల ప్రకారం ఒకసారి విడదీసినట్లు. రెంటినీ ఒకే జాబితాలో కలిపితే గందరగోళం తప్పదు. రాత్రివేళ దూరపు మీడియం వేవ్ రేడియో కేంద్రాలు మనకు వినబడడానికి కారణం ఈ ఐనో ఆవరణమే.

మన నెత్తిమీది లెక్క వేరు

ఇప్పుడు నేను మొదట చెప్పిన వింత మాట. చాలా పుస్తకాల్లో ట్రోపో ఆవరణం ఎత్తు 12 లేక 13 కిలోమీటర్లు అనీ, దాని పై అంచున వేడి సున్నకు దిగువ 55, 60 డిగ్రీలు అనీ ఉంటుంది. ఇది భూమి మొత్తానికి వేసిన సగటు, లేదా యూరపు, అమెరికా వంటి మధ్య అక్షాంశాల లెక్క. తెలుగు నేల మీద ట్రోపో ఆవరణం సుమారు 16, 17 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. దాని పై అంచున సున్నకు దిగువ 80 డిగ్రీల దాపున చలి! ధ్రువాల దగ్గరేమో అది 8, 9 కిలోమీటర్లతోనే ముగుస్తుంది.

మే నెలలో రెంటచింతలలోనూ, రామగుండంలోనూ 45 డిగ్రీల ఎండ మండుతుంటే, సరిగ్గా దాని నెత్తిన 17 కిలోమీటర్ల దూరంలో ఇంత చలి ఎందుకుంది? కారణం తెలిసినవారికి ఇది కష్టం కాదు. ఇక్కడ మొదటి పొయ్యి బాగా మండుతుంది. గాలి చాలా ఎత్తుకు లేస్తుంది. 17 కిలోమీటర్ల దాకా లేచిన గాలి, 9 కిలోమీటర్ల దగ్గర ఆగిన గాలికంటే ఎక్కువ వ్యాకోచించి ఎక్కువ చల్లబడుతుంది. కింద వేడి ఎక్కువైనందువల్లనే పైన చలి ఎక్కువైందన్నమాట!

ఈ సంగతిని తేటతెల్లం చేసినవారు మన దేశస్థులే. భారత వాతావరణ శాఖలో పనిచేస్తున్న కె.ఆర్. రామనాథన్ ఆగ్రాలో ఎగరేసిన బెలూన్ల లెక్కలనూ, ఇతర దేశాల లెక్కలనూ కలిపి 1929లో ‘నేచర్’ పత్రికలో ఒక చిత్రం ప్రకటించారు. పై గాలిలో అతి చల్లని ప్రాంతం భూమధ్యరేఖ చుట్టూ 17, 18 కిలోమీటర్ల ఎత్తున ఒక ఉంగరంలా ఉందని అందులో చూపారు. సర్ సి.వి. రామన్ దగ్గర పనిచేసిన ఈయన తరువాత అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాలకు మొదటి డైరెక్టరు అయ్యారు. ఈ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఈ తేడా వట్టి అంకెల తేడా కాదు. జెట్ విమానాలు స్ట్రాటో ఆవరణంలో ఎగురుతాయని చాలాచోట్ల చదువుతాం. అవి సాధారణంగా ఎగిరేది 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున. ధ్రువాల వైపు అది నిజంగానే స్ట్రాటో ఆవరణం. హైదరాబాదు మీద మాత్రం ఆ విమానం ఇంకా ట్రోపో ఆవరణం మధ్యలోనే ఉంది! మన ఉరుముల మేఘాలు దానికంటే ఎత్తుకు పెరుగుతాయి. అందుకే పైలట్లు వాటి మీదుగా కాక, పక్కగా చుట్టి పోవలసి వస్తుంది.

ఇంకో ఉదాహరణ. హైదరాబాదులో టాటా పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రం ఉంది. అక్కడినుంచి పెద్ద పాలిథిన్ బెలూన్లు పరికరాలను మోసుకొని 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. దారిలో ఆ చలి గుంటను దాటాలి. అంత చలిలో మామూలు పాలిథిన్ పెళుసై పగిలిపోతుంది. కనుక చల్లని దేశాలకు తయారైన బెలూను వేడి దేశమైన మన దగ్గర, చలికి తట్టుకోలేక పగిలిపోవచ్చు! అంత చలికి ఓర్చే పాలిథిన్ ఇక్కడ వాడవలసి వచ్చింది. 2005లో ఇక్కడినుంచి ఎగిరిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లోని గాలిని పట్టి తెచ్చింది. అందులో అంతవరకు ఎరుగని మూడు రకాల బాక్టీరియాలు దొరికాయని 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు.

పొగ చెప్పే పాఠం

సరిహద్దు ఎక్కడ ఉంటే మనకేమని ఎవరైనా అడగవచ్చు. జనవరి ఉదయం పొలాల వైపు వెళ్లి చూడండి. పొయ్యి పొగ కొంత ఎత్తుకు లేచి, అక్కడ ఆగి, దుప్పటి పరచినట్లు అడ్డంగా పాకుతుంది. రాత్రి నేల చల్లబడడంవల్ల అడుగున చల్లగాలి, దాని మీద వెచ్చగాలి ఉంటాయి. చల్లగాలి బరువైనది, అది పైకి లేవదు. పొగ అక్కడే చిక్కుకుంటుంది. స్ట్రాటో ఆవరణం అంతా ఇలాంటి ఏర్పాటే. అడుగున చలి, పైన వెచ్చన. అందులో గాలి కింది నుంచి పైకి సులువుగా కలగలవదు. వాన కూడా లేదు.

దీని ఫలితం చూడండి. ట్రోపో ఆవరణంలో చేరిన ధూళిని వాన కొద్ది రోజుల్లో, వారాల్లో కడిగేస్తుంది. స్ట్రాటో ఆవరణంలోకి చేరినది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి గంధకపు వాయువును స్ట్రాటో ఆవరణంలోకి చిమ్మితే, ఆ తరువాతి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. మనం శీతలీకరణ యంత్రాల్లో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు కూడా అలాగే మెల్లగా పైకి చేరాయి. వాటినుంచి విడివడే క్లోరిన్ ఓజోనును తినేస్తుందని 1974లోనే మొలీనా, రౌలాండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను బాగా తగ్గినట్లు తేలింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ చేరింది. ఇప్పుడు ఓజోను పొర మెల్లమెల్లగా కోలుకుంటోంది. మెల్లగా ఎందుకు? అక్కడ కడిగే వాన లేదు గనుక!

ఇంకొక విషయం. బొగ్గుపులుసు వాయువు పెరిగి ట్రోపో ఆవరణం వేడెక్కుతున్న కొద్దీ దాని పై అంచు కూడా పైకి జరుగుతోంది. 1980 నుంచి 2020 వరకు ఉత్తరార్ధగోళంలో బెలూన్ల లెక్కలు చూస్తే, పదేళ్లకు 50, 60 మీటర్ల చొప్పున జరిగినట్లు తేలింది. మనం కంఠస్థం చేసిన అంకె కూడా స్థిరంగా లేదన్నమాట!

అయితే మార్కుల మాటేమిటి?

“మాస్టారూ, పరీక్షలో 12 అని రాస్తేనే గదా మార్కు!” అంటారు మీరు. నిజమే. పుస్తకం అబద్ధం చెప్పలేదు, సగటు చెప్పింది. సగటు అవసరమే. కాని ఏటి సగటు లోతు మోకాలిబంటి అని నమ్మి దిగినవాడు నడి ఏట్లో మునుగుతాడు. అందుచేత జవాబులో సగటు రాయండి. ఆ పక్కనే “మన ప్రాంతంలో సుమారు 16, 17” అని ఇంకో ముక్క రాయండి. దానికి మార్కు తగ్గించే ఉపాధ్యాయుడు ఉంటే, ఆయనతో వినయంగా కారణం చెప్పి చర్చించండి. పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు కూడా నా మనవి ఇదే. సగటుతో పాటు మన అక్షాంశం లెక్క కూడా ఒక వరుసలో అచ్చువేయండి. “పొరల పేర్లు రాయుము” అనే ప్రశ్నకు బదులు “ఇక్కడ వేడి ఎందుకు తిరగబడింది?” అని అడగండి.

ఈ లెక్కల కోసం విదేశాల వైపు చూడనక్కరలేదు. హైదరాబాదు, విశాఖపట్నం వాతావరణ కేంద్రాల నుంచి రోజూ పరికరాలు కట్టిన బెలూన్లు లేస్తాయి. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో 1,024 యాంటెన్నాలున్న పెద్ద రాడార్ ఉంది. దాని పేరే ఎం.ఎస్.టి. రాడార్. మీసో, స్ట్రాటో, ట్రోపో అనే మూడు పొరల మొదటి అక్షరాలు అవి. మన ఇంటి పెరట్లో కొలుస్తున్న గాలిని మనం ఊరి పేరు లేని అంకెలతో చదవడం న్యాయమా?

చివరగా మీకొక పని. ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. నిలువుగా ఎత్తు, అడ్డంగా ఉష్ణోగ్రత గుర్తించండి. నేల మీద 30, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80, 50 దగ్గర సున్న, 90 దగ్గర మైనస్ 90, ఆపైన వేడి. ఈ చుక్కలు కలపండి. వంకర తిరిగిన ప్రతిచోటా “ఎందుకు?” అని రాసి, మీ సొంత మాటల్లో జవాబు రాయండి. గీత పూర్తయ్యాక పొరల పేర్లు వేయండి. పేర్లు ఆఖరున రావాలి, మొదట కాదు. ఆ కాగితాన్ని మీ తరగతి గోడకు అంటించండి.